మినీ టమ్మీ టక్ ఆపరేషన్: ఎవరికి పనికొస్తుంది, కోలుకోవడానికి ఎన్నాళ్లు పడుతుంది

ఇద్దరు ముగ్గురు పిల్లలు పుట్టాక చాలామంది ఆడవాళ్లకు ఒంటి బరువు తగ్గినా పొట్ట తగ్గదు. బొడ్డు కింద చర్మం వదులైపోయి, సిజేరియన్ కుట్ల మీద మడత పడినట్టు వేలాడుతుంది. ఏదో దావత్‌కు వెళ్తే "ఎన్నో నెల?" అని ఎవరో ఒకరు అడిగేస్తారు. అన్నం మానేసి రొట్టె తిన్నా, రోజూ గంట నడిచినా ఆ మడత అలాగే ఉంటుంది. అలాంటివాళ్లకు ఫోన్ తెరవగానే కనిపించే ప్రకటన 'మినీ టమ్మీ టక్'.

మినీ అనే మాట వినగానే పన్ను పీకించుకున్నట్టు పొద్దున వెళ్లి, సాయంత్రానికి వంటింట్లో నిలబడొచ్చని చాలామంది అనుకుంటారు. ఈ పేరులో 'మినీ' అన్నది కోత పొడవుకు, తీసేసే చర్మానికి సంబంధించిన మాట. మత్తు ఇవ్వడం, కుట్లు వేయడం, దాదాపు ఆరు వారాలు బరువులు ఎత్తకుండా ఉండటం వీళ్లకూ తప్పదు. ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అన్నది ఆ ఆరు వారాలను లెక్కలోకి తీసుకుని ఆలోచించాల్సిన విషయం.

పొట్ట ఎందుకు తగ్గదు?

బయటికి ఒకేలా కనిపించినా పొట్ట ముందుకు రావడానికి నాలుగు కారణాలు ఉంటాయి. ఒక్కోదానికి మందు వేరు.

మొదటిది చర్మం. గర్భంలో సాగిన చర్మం కొందరిలో మళ్లీ బిగుసుకోదు. వ్యాయామం కండకు పని చేస్తుంది గానీ, సాగిపోయిన చర్మాన్ని తిరిగి బిగించలేదు.

రెండోది చర్మం కింది కొవ్వు. చేత్తో పట్టుకుంటే దొరికేది ఇదే. తిండి, నడకతో తగ్గుతుంది. కొంత మొండిగా మిగిలితే లైపోసక్షన్‌తో తీస్తారు.

మూడోది పేగుల చుట్టూ చేరే లోపలి కొవ్వు. పొట్ట గట్టిగా, గుండ్రంగా ఉండి చేతికి మడత దొరకకపోతే ఇది ఎక్కువగా ఉందని అనుమానించాలి. షుగర్, గుండె జబ్బులతో సంబంధం ఉన్న కొవ్వు ఇదే. టమ్మీ టక్‌లో దీన్ని ముట్టుకోరు. బరువు తగ్గడం ఒక్కటే దారి.

నాలుగోది కండరాలు విడిపోవడం. పొట్ట మధ్యలో పైనుంచి కిందికి రెండు నిలువు కండరాలు ఉంటాయి. గర్భం పెరిగే కొద్దీ వాటి మధ్య పొర సాగి, రెండూ పక్కకు జరుగుతాయి. కాన్పు తర్వాత కొన్ని నెలల్లో చాలామందికి చాలావరకు దగ్గరకు వస్తాయి. కొందరికి రావు. దీన్ని డాక్టర్లు డయాస్టాసిస్ రెక్టై అంటారు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తల కొంచెం పైకి ఎత్తి, బొడ్డు దగ్గర వేళ్లతో అడ్డంగా నొక్కి చూస్తే మధ్యలో సందు తెలుస్తుంది. రెండు వేళ్ల కంటే ఎక్కువ వెడల్పు ఉంటే డాక్టర్‌కు గానీ, ఫిజియోథెరపిస్ట్‌కు గానీ చూపించుకోవాలి. దగ్గినప్పుడు బొడ్డు దగ్గర ఉబ్బు వస్తుంటే అది హెర్నియా కావచ్చు, స్కానింగ్ తప్పనిసరి.

మినీకి, ఫుల్‌కి తేడా ఏంటి?

పొట్ట మీద వేలాడే చర్మాన్ని, కొవ్వును తీసే ఆపరేషన్ కొత్తదేం కాదు. అమెరికా డాక్టర్ హోవర్డ్ కెల్లీ 1899లోనే దీని గురించి రాశారు. 1960ల్లో బ్రెజిల్ సర్జన్ ఇవో పిటాంగి కోతను బట్టల కింద దాగేలా కిందికి తెచ్చే పద్ధతికి పేరు తెచ్చారు. లైపోసక్షన్ వచ్చాక చిన్న కోతతో చేసే మినీ పద్ధతులు ప్రచారంలోకి వచ్చాయి.

ఫుల్ టమ్మీ టక్‌లో కోత ఒక తుంటి ఎముక నుంచి రెండో తుంటి ఎముక దాకా ఉంటుంది. బొడ్డు చుట్టూ ఇంకో కోత పెట్టి, పైచర్మాన్ని కిందికి లాగి, బొడ్డును కొత్త చోట అమరుస్తారు. విడిపోయిన కండరాలను పైనుంచి కింది దాకా కుట్టి దగ్గరకు తెస్తారు.

మినీలో కోత పొత్తికడుపు కింద, దాదాపు సిజేరియన్ గీత ఉండే చోటే ఉంటుంది. కాకపోతే చాలాసార్లు దానికంటే పొడవు ఎక్కువ. పాత సిజేరియన్ మచ్చ ఉంటే దాన్ని కూడా తీసేసే వీలుంటుంది. బొడ్డు కింద ఉన్న వదులు చర్మాన్ని మాత్రమే తీస్తారు. బొడ్డు చుట్టూ కోత పెట్టరు. అవసరమైతే బొడ్డు కింది కండరాలను బిగిస్తారు, పక్కల కొవ్వును లైపోసక్షన్‌తో తీస్తారు. ఆపరేషన్‌కు సాధారణంగా గంట నుంచి రెండు గంటలు పడుతుంది.

అంటే సమస్య మొత్తం బొడ్డు కిందే ఉన్నవాళ్లకే మినీ సరిపోతుంది. బొడ్డు పైన కూడా చర్మం వదులుగా ఉన్నా, కండరాలు పైదాకా విడిపోయినా మినీ చేయించుకుంటే కింద చదునుగా, పైన ఉబ్బుగా మిగిలిపోతుంది. తక్కువ ఖర్చు, చిన్న కోత అని మినీ ఎంచుకుని, తర్వాత అసంతృప్తి పడేది ఎక్కువగా ఇలాంటివాళ్లే.

ఇప్పుడే వద్దు అనాల్సింది ఎవరికి?

ఇంకో బిడ్డ కావాలనుకునేవాళ్లు ఆగడం మంచిది. ఆపరేషన్ తర్వాత గర్భం రాకూడదని ఏం లేదు. అయితే చర్మం, కండరాలు మళ్లీ సాగి, పెట్టిన డబ్బు, పడిన బాధ వృథా అవుతాయి.

కాన్పు అయి ఏడాది కూడా కానివాళ్లు తొందరపడకూడదు. కనీసం ఆరు నెలలైనా ఆగమంటారు. పాలిస్తున్నవాళ్లు అది పూర్తిగా మానేసిన తర్వాత ఆలోచించాలి. ఈలోగా శరీరం దానంతటదే కొంత సర్దుకుంటుంది.

బరువు ఇంకా తగ్గుతున్నవాళ్లు, పెరుగుతున్నవాళ్లు కనీసం ఆరు నెలలు ఒకే బరువు దగ్గర నిలకడగా ఉన్నాకే వెళ్లాలి. బీఎంఐ 30 దాటితే చాలామంది సర్జన్లు ముందు బరువు తగ్గి రమ్మంటారు. బరువు తగ్గడానికి చేసే ఆపరేషన్ ఇది కాదు.

షుగర్ అదుపులో లేనివాళ్లకు, రక్తహీనత ఉన్నవాళ్లకు గాయం సరిగ్గా మానదు. ముందు వాటిని సరిచేసుకోవాలి. కాళ్లలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ రక్తం గడ్డకట్టిన చరిత్ర ఇంట్లో ఎవరికైనా ఉంటే డాక్టర్‌కు తప్పక చెప్పాలి. ఒంటి మీద పాత గాయాల మచ్చలు ఉబ్బి కీలాయిడ్‌గా మారే అలవాటు ఉన్నవాళ్లు ఆ మచ్చలు చూపించి మాట్లాడాలి.

పొగాకు విషయం దాచొద్దు. సిగరెట్ తాగని ఆడవాళ్లు కూడా పాన్‌లో జర్దా వేసుకుంటారు, గుట్కా నములుతారు. నికోటిన్ ఏ రూపంలో వెళ్లినా చర్మానికి వెళ్లే రక్తనాళాలు కుంచించుకుపోతాయి. కుట్ల అంచుల్లో చర్మం నల్లబడి చచ్చిపోయే ప్రమాదం ఉంది. ఆపరేషన్‌కు ముందు కనీసం నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు పూర్తిగా మానేయాలి.

ఏ ప్రమాదాలు ఉంటాయి?

చిన్న ఇబ్బందులు చాలామందికి వస్తాయి. చర్మం కింద నీరు చేరడం, కమిలిపోవడం, కోత దగ్గర స్పర్శ తెలియకపోవడం, ఒక పక్క ఎక్కువ వాపు ఉండటం లాంటివి. నీరు చేరితే సూదితో తీసేస్తారు. మొద్దుబారడం నెలల తరబడి ఉండొచ్చు, కొందరికి కొంత భాగంలో అలాగే మిగిలిపోతుంది.

రక్తం గడ్డగా చేరడం, ఇన్‌ఫెక్షన్, కుట్లు విడిపోవడం తక్కువమందికి జరుగుతాయి. వచ్చాయంటే మళ్లీ ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే.

అన్నిటికంటే భయపడాల్సింది కాలి పిక్కల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం. అందం కోసం చేసే ఆపరేషన్లలో టమ్మీ టక్‌కు ఈ ముప్పు ఎక్కువ వాటిలో ఒకటని డాక్టర్లు చెబుతారు. అందుకే ఆపరేషన్ అయిన రోజే లేపి నాలుగు అడుగులు వేయిస్తారు, కాళ్లకు బిగుతు మేజోళ్లు వేస్తారు, అవసరమైనవాళ్లకు రక్తం పలచబడే ఇంజెక్షన్లు ఇస్తారు. ఒక కాలు వాచి పిక్క నొప్పి పెట్టడం, ఆయాసం, గుండెల్లో నొప్పి, దగ్గితే రక్తం పడటం కనిపిస్తే తెల్లారే దాకా ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

వెళ్లే ముందు డాక్టర్‌కు ఏం చెప్పాలి?

వాడే ప్రతి మందూ చెప్పాలి. ఆస్పిరిన్, కొన్ని నొప్పి మాత్రలు, విటమిన్ ఇ, చేప నూనె క్యాప్సూల్స్ రక్తస్రావాన్ని పెంచుతాయి. గర్భం రాకుండా వేసుకునే కొన్ని హార్మోన్ మాత్రలు రక్తం గడ్డకట్టే ముప్పును పెంచుతాయి. యునానీ, ఆయుర్వేదం మందులను చాలామంది మందుల లెక్కలోనే వేయరు, వాటినీ చెప్పాలి. బరువు తగ్గించే ఇంజెక్షన్లు తీసుకుంటున్నవాళ్లకు తిన్నది కడుపులోంచి ఆలస్యంగా కదులుతుంది. మత్తు ఇచ్చేటప్పుడు అది ప్రమాదం కాబట్టి మత్తు డాక్టర్‌కు ముందే తెలియాలి. ఏది ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి, సొంతంగా ఆపడం కూడా మంచిది కాదు.

కోలుకునే రోజులు ఇలా ఉంటాయి

మొదటి మూడు రోజులు: అదే రోజు గానీ, ఒక రాత్రి ఉంచుకుని గానీ ఇంటికి పంపిస్తారు. పొట్టకు బిగుతు బెల్ట్ ఉంటుంది. కొందరికి చర్మం కింది నీరు బయటికి వచ్చేందుకు సన్నని గొట్టం పెడతారు. వెన్ను కింద, మోకాళ్ల కింద దిండ్లు పెట్టుకుని పడుకోవాలి. నిటారుగా నిలబడితే కుట్లు లాగుతాయి కాబట్టి కొంచెం వంగి నడుస్తారు. దగ్గు, తుమ్ము వస్తే పొట్టకు దిండు అదిమిపట్టుకోవాలి. నొప్పి మాత్రల వల్ల మలబద్ధకం వస్తుంది, ముక్కితే కుట్ల మీద భారం పడుతుంది. నీళ్లు, పండ్లు, పీచు ఉన్న తిండి తీసుకుంటూ, డాక్టర్ రాసిచ్చిన మందు వేసుకోవాలి.

మొదటి వారం: గంటకోసారి లేచి ఇంట్లోనే నడవాలి. గొట్టం ఉంటే రోజూ ఎంత నీరు వచ్చిందో రాసిపెట్టుకోవాలి. రోజుకు సుమారు 30 మిల్లీలీటర్ల కంటే తగ్గాక సాధారణంగా తీసేస్తారు. స్నానం ఎప్పుడన్నది డాక్టర్ చెప్పాలి.

రెండో వారం: కూర్చుని చేసే ఉద్యోగం అయితే కొందరు ఈ వారం చివర్లో మళ్లీ మొదలుపెడతారు. కండరాలు కూడా కుట్టి ఉంటే ఇంకా ఆగాలి. స్కూటీ, కారు నడపడానికి మత్తు కలిగించే నొప్పి మాత్రలు ఆపేసి ఉండాలి, గట్టిగా బ్రేక్ వేసినా నొప్పి లేకుండా ఉండాలి.

మూడు నుంచి ఆరు వారాలు: పైకి బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. అసలు తప్పులు జరిగేది ఈ రోజుల్లోనే. నాలుగైదు కిలోలకు మించి ఏదీ ఎత్తొద్దని చెబుతారు. ఏడాది బిడ్డ బరువే సుమారు తొమ్మిది కిలోలు. నీళ్ల క్యాన్ 20 కిలోలు. ఇంటి గ్యాస్ సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే దాదాపు రెట్టింపు. నిండు బకెట్, తడి బట్టల టబ్బు, బియ్యం మూట అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

ఆరు వారాల తర్వాత: డాక్టర్ చూసి ఒప్పుకుంటే మెల్లగా వ్యాయామం, మామూలు పనులు మొదలుపెట్టొచ్చు. వాపు పూర్తిగా తగ్గడానికి మూడు నెలలు, కొందరికి అంతకంటే ఎక్కువే పడుతుంది. సాయంత్రాలు వాపు పెరిగినట్టు ఉంటుంది. మచ్చ మొదట్లో ఎర్రగా, గట్టిగా ఉండి, ఏడాది ఏడాదిన్నరకు లేత గీతగా మారుతుంది. అది పూర్తిగా పోదు.

జ్వరం, కుట్ల నుంచి చీము లేదా చెడు వాసన, పెరుగుతున్న ఎరుపు, ఉన్నట్టుండి ఒక పక్క ఉబ్బడం ఏ వారంలో కనిపించినా అదే రోజు డాక్టర్‌కు చూపించాలి.

ఇంట్లో ఎవరు చూసుకుంటారు?

మన ఇళ్లలో బాలింతకు నలభై రోజుల చిల్లా ఉంటుంది. అమ్మీ వచ్చి వండి పెడుతుంది, అత్తమ్మ బిడ్డను చూసుకుంటుంది, బాలింతను మంచం దిగనివ్వరు. ఈ ఆపరేషన్‌కు కావాల్సిన ఆరు వారాలు అంటే 42 రోజులు, దాదాపు అంతే. తేడా ఒక్కటే. కాన్పుకు అందరూ సాయానికి వస్తారు, ఈ ఆపరేషన్‌కు "నీ సరదా కోసం చేయించుకున్నావు కదా" అంటారు. అందుకే కొందరు అత్తింట్లో చెప్పకుండా, పుట్టింటికి వారం రోజులు వెళ్లినట్టు వెళ్లి చేయించుకుని వస్తారు. ఎనిమిదో రోజు నుంచి బకెట్లు ఎత్తాల్సి వస్తుంది, చంకలో బిడ్డను మోయాల్సి వస్తుంది. గాయం ఉందని ఎవరికీ తెలియనప్పుడు సాయం చేయడానికీ ఎవరూ ఉండరు.

భర్తకైనా, అత్తమ్మకైనా, వదినకైనా ముందే చెప్పుకోవడం ఆపరేషన్ ఏర్పాట్లలో ఒక భాగం అనుకోవాలి. చిన్న పిల్లలున్న తల్లి, మంచం మీద కూర్చుంటే ఎవరైనా బిడ్డను తెచ్చి పక్కన పడుకోబెట్టే ఏర్పాటు చేసుకోవాలి. ఆ ఆరు వారాలు చూసుకునేవాళ్లు లేకపోతే, వాళ్లు దొరికే దాకా వాయిదా వేసుకోవడమే మేలు.

నమాజ్, రోజా, ప్రయాణం

రుకూ, సజ్దాలో వంగితే మొదటి వారాల్లో కుట్ల మీద భారం పడుతుంది. నిలబడలేనివాళ్లు కూర్చుని, కూర్చోలేనివాళ్లు పడుకుని సైగలతో నమాజ్ చేసుకునే వెసులుబాటు అనారోగ్యంలో ఉన్నవాళ్లకు ఉంది. కుర్చీ మీద చదువుకోవచ్చు. వుజూలో కడిగే అవయవాల్లో పొట్ట లేదు కాబట్టి వుజూకు అడ్డు రాదు. గుస్ల్ విషయంలో గాయానికి నీళ్లు తగలకూడదని డాక్టర్ చెబితే, కట్టు మీద మసహ్ చేయాలా, తయమ్ముమ్ చేయాలా అన్నది ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి.

రంజాన్‌కు ముందు నెలలో ఆపరేషన్ పెట్టుకోకపోవడం మంచిది. మందులు వేళకు వేసుకోవాలి, నీళ్లు బాగా తాగాలి. పండగ పనులు, బరువులు కూడా అప్పుడే మీద పడతాయి. రోగికి రోజా వదిలేసి తర్వాత ఖజా చేసుకునే వీలుంది, అయినా తేదీ మన చేతుల్లో ఉన్నప్పుడు ముందే చూసుకోవచ్చు.

గల్ఫ్ నుంచి నెల రోజుల సెలవు మీద వచ్చి హైదరాబాద్‌లో చేయించుకునేవాళ్లు తేదీలు జాగ్రత్తగా లెక్కేసుకోవాలి. సెలవు చివర్లో చేయించుకుని విమానం ఎక్కితే రెండు ఇబ్బందులు. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. వెళ్లాక ఏదైనా తేడా వస్తే ఆపరేషన్ చేసిన డాక్టర్ అందుబాటులో ఉండరు. సెలవు మొదటి వారంలోనే చేయించుకోవాలి, తిరుగు ప్రయాణానికి డాక్టర్ అనుమతి తీసుకోవాలి. ఉమ్రాకు వెళ్లాలనుకునేవాళ్లకూ ఇదే మాట.

షరీఅత్ ఏమంటుంది?

అల్లాహ్ ఇచ్చిన రూపాన్ని మార్చడం అవుతుందేమో అన్న సందేహం చాలా ఇళ్లలో వస్తుంది. అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్హ్ అకాడమీ 2007లో మలేషియాలోని పుత్రజయలో జరిగిన 18వ సమావేశంలో ప్లాస్టిక్ సర్జరీపై తీర్మానం చేసింది. పుట్టుకతో వచ్చిన లోపాన్ని, ప్రమాదం, కాలిన గాయం, జబ్బు వల్ల వచ్చిన లోపాన్ని సరిచేయడానికి, అవయవం పనితీరును తిరిగి తేవడానికి చేసే ఆపరేషన్లను అది అనుమతించింది. మామూలుగా ఉన్న రూపాన్ని కేవలం కోరిక కోసం మార్చుకోవడాన్ని కాదంది. కండరాలు విడిపోయి నడుం నొప్పి ఉండటం, మడత కింద చర్మం ఒరుసుకుని పుండ్లు పడటం ఒక పరిస్థితి. ఇవేవీ లేకుండా ఇంకా సన్నగా కనిపించాలనుకోవడం ఇంకో పరిస్థితి. డాక్టర్ రాసిచ్చిన రిపోర్టు చేతిలో పెట్టుకుని ముఫ్తీని అడిగితే స్పష్టమైన జవాబు దొరుకుతుంది.

డాక్టర్, ఖర్చు, బిల్లు

బోర్డు మీద 'కాస్మెటిక్ క్లినిక్' అని ఉన్నంత మాత్రాన లోపల ఉన్నవాళ్లు ప్లాస్టిక్ సర్జన్ కారు. ఎంబీబీఎస్ తర్వాత ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ, డీఎన్‌బీ గానీ చేసినవాళ్లేనా అని చూడాలి. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ అడగడంలో మొహమాటం అక్కర్లేదు. మత్తు డాక్టర్ ఎవరు, అత్యవసరమైతే ఐసీయూ ఎక్కడ అన్నది తేల్చుకోవాలి. లేడీ సర్జన్ కావాలన్నా, పరీక్ష చేసేటప్పుడు నర్సు పక్కన ఉండాలన్నా ముందే చెప్పొచ్చు. రెండో అభిప్రాయం కావాలంటే హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఆసుపత్రుల్లో, విశాఖలో కేజీహెచ్‌లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలు ఉన్నాయి.

ప్రకటనలో చెప్పే ప్యాకేజీ ధరలో ఏమేం ఉన్నాయో కాగితం మీద రాయించుకోవాలి. సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, థియేటర్, గది, పరీక్షలు, బెల్ట్, మందులు, తర్వాతి విజిట్లు విడివిడిగా అడగాలి. నీరు చేరినా, మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లాల్సి వచ్చినా ఖర్చు ఎవరిదన్నది కూడా రాయించాలి.

వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉన్నా, అందం కోసం చేసే ప్లాస్టిక్ సర్జరీకి అది వర్తించదు. పుట్టుకతో వచ్చిన లోపం, గాయం లాంటివి సరిచేసే సర్జరీకే ఆ మినహాయింపు. కాబట్టి చెప్పిన రేటు జీఎస్టీతో కలిపా, కాకుండానా అని అడగాలి. ఆరోగ్య బీమా పాలసీలు కూడా కాస్మెటిక్ సర్జరీని మామూలుగా కవర్ చేయవు. హెర్నియా ఉండి దానికి ఆపరేషన్ చేస్తే ఆ భాగం వరకు క్లెయిమ్ వస్తుందేమో బీమా కంపెనీ నుంచి ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. వడ్డీకో, నగలు పెట్టో డబ్బు తెచ్చేవాళ్లు ఆరు వారాల పనిమనిషి ఖర్చు, పోయే జీతం కూడా కలిపి లెక్క వేసుకోవాలి.

ఆపరేషన్ లేకుండా ఏం చేయొచ్చు?

సమస్య కండరాలు విడిపోవడమే అయితే ముందు కొన్ని నెలలు ఫిజియోథెరపీ చేసి చూడాలి. లోపలి పొట్ట కండరాలను, కటి కండరాలను బలపరిచే వ్యాయామాలు ఉంటాయి. వీడియోలు చూసి సిట్-అప్స్ మొదలుపెడితే కొందరికి ఉబ్బు ఎక్కువయ్యే అవకాశం ఉంది. లోపలి కొవ్వు ఎక్కువైతే తిండి, నడక, నిద్ర సరిచేసుకోవాలి, షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి. మిగిలింది వదులు చర్మం ఒక్కటే అని తేలాక ఆపరేషన్ మాట ఎత్తొచ్చు.

మొదటిసారి డాక్టర్ దగ్గరకు వెళ్లినప్పుడు ఈ ఐదు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లాలి. నా పొట్టకు కారణం చర్మమా, కొవ్వా, కండరమా? నాకు మినీ సరిపోతుందా, లేకపోతే ఎందుకు సరిపోదు? కోత ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, పెన్నుతో గీసి చూపిస్తారా? నా ఒంటికి ఉన్న ప్రత్యేకమైన ముప్పు ఏంటి? అర్ధరాత్రి ఇబ్బంది వస్తే ఏ నంబర్‌కు ఫోన్ చేయాలి? వీటికి ఓపికగా జవాబు చెప్పకుండా ఈ వారంలో కడితే డిస్కౌంట్ అంటూ తొందరపెడితే అక్కడి నుంచి లేచి వచ్చేయొచ్చు. ఈ ఆపరేషన్‌కు ముహూర్తం మించిపోవడం అంటూ ఉండదు, ఆరు నెలలు ఆగినా నష్టం లేదు.